60 అని రాసి ఉన్న చార్జర్ 60 ఇవ్వాలంటే: హైవే చార్జింగ్ స్టేషన్ ప్రాజెక్టు డైరీ

చోటు: హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి, సూర్యాపేట దాటాక ఒక ధాబా ఆవరణ. పెట్టేది ఎలక్ట్రిక్ కార్ల కోసం: రెండు గన్నుల (కారుకు తగిలించే ప్లగ్గులు) 60 కిలోవాట్ల సీసీఎస్2 చార్జర్, అంటే వేగంగా నింపే డీసీ రకం, ఒకటి; 7.4 కిలోవాట్ల టైప్ 2 ఏసీ పాయింటు, అంటే నెమ్మదిగా నింపేది, ఒకటి. మిషన్ తెచ్చి బిగించడం పెద్ద పనేమీ కాదు. వచ్చిన ప్రతి కారూ గన్ పెట్టిన మొదటిసారే చార్జ్ కావాలి, కారు అడిగినంత కరెంటు అందాలి. కష్టమంతా అక్కడే.

మొదలు పెట్టేముందు: దేన్ని కొలవాలి

అప్‌టైమ్ (మిషన్ పనిచేసే స్థితిలో ఉన్న కాలం) లెక్కను పక్కన పెట్టాం. అమెరికాలో కేంద్ర నిధులతో కట్టే హైవే చార్జర్లకు 2023 నుంచి 97 శాతం అప్‌టైమ్ నియమం ఉంది. ఏడాదికి 8,760 గంటలు. అందులో 3 శాతమంటే 263 గంటలు, అంటే దాదాపు 11 రోజులు మూసి ఉన్నా పాసైనట్టే. అసలు చిక్కు అంకెలో లేదు. చాలాచోట్ల ఈ లెక్క చార్జర్ సర్వర్‌కు పంపే "బాగానే ఉన్నాను" అన్న కబురును బట్టి నడుస్తుంది. గన్ పగిలినా, తెర ఎండకు తెల్లబోయినా, డబ్బు కట్టే దారి మూసుకుపోయినా ఆ కబురు మాత్రం వెళ్తూనే ఉంటుంది. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో 181 స్టేషన్లకు మనుషులే వెళ్లి 657 సీసీఎస్ గన్నులను పరీక్షిస్తే పనిచేసినవి 72.5 శాతం. ఆపరేటర్లు చెప్పుకునే అప్‌టైమ్ అప్పటికి 95 నుంచి 98 శాతం.

అందుకని ఇక్కడ రెండే కొలతలు. పది కార్లు గన్ పెడితే మొదటి ప్రయత్నంలో ఎన్ని మొదలయ్యాయి? కారు అడిగిన యాంప్స్‌లో ఎన్ని అందాయి? రెండోది చార్జర్ తనంతట తాను రాసుకునే లాగ్‌లోనే ఉంటుంది. దాని సంగతి ఎండాకాలం పద్దులో.

1వ వారం: మిషన్ ఎంపిక

పలక మీద "60 కిలోవాట్" అని చూసి కొనేయకూడదు. దాని కింద చిన్న అక్షరాల్లో గన్‌కు గరిష్ఠ యాంప్స్ ఎన్నో రాసి ఉంటుంది. ముందు చదవాల్సింది అది. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే కార్ల బ్యాటరీలు 300 నుంచి 400 వోల్టుల మధ్యవి. బ్యాటరీ 330 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు 60 కిలోవాట్లు పోవాలంటే 182 యాంప్స్ కావాలి. గన్ 125 యాంప్స్‌దైతే ఆ కారుకు అందేది 41 కిలోవాట్లే. అదే చార్జర్‌కు హ్యుందాయ్ అయానిక్ 5 లాంటి కారు, 650 వోల్టుల దగ్గరి బ్యాటరీది, తగిలిస్తే 92 యాంప్స్‌తోనే నిండు 60 వస్తుంది. ఒకే మిషన్ గురించి ఒకరు వేగంగా ఉందని, ఇంకొకరు నత్తనడక అని రాయడానికి కారణం చాలాసార్లు ఇదే. తీసుకున్నది 200 యాంప్స్ గన్ను.

లోపలి మాడ్యూళ్ల (ఏసీని డీసీగా మార్చి ఇచ్చే పెట్టెలు) పంపకం మీద ఇంకా ఎక్కువ చర్చ జరిగింది. 60 కిలోవాట్లను 30 చొప్పున రెండు మాడ్యూళ్లుగా ఇస్తారు, లేదా 20 చొప్పున మూడుగా. చార్జర్ ఒక గన్‌కు ఇచ్చేది మొత్తం మాడ్యూలునే, అందులో సగాన్ని ఇవ్వలేదు. రెండు 30ల మిషన్‌లో మొదటి కారు 90 శాతం దాటి 12 కిలోవాట్లే తాగుతున్నా ఒక మాడ్యూల్ దాని దగ్గరే ఇరుక్కుంటుంది. మిగిలిన 18 ఎవరికీ పనికిరావు, పక్క కారు 30 దగ్గరే ఆగుతుంది. మూడు 20లైతే నిండబోతున్న కారుకు 20, కొత్తగా వచ్చిన కారుకు 40. పైగా ఒక మాడ్యూల్ కాలిపోతే రెండు 30లలో సగం బలం పోతుంది, మూడు 20లలో 40 మిగులుతుంది. ధర కాస్త ఎక్కువైనా మూడు 20లే తీసుకున్నాం.

ఒక లెక్క గోడ మీద రాసి పెట్టాం, అడిగేవాళ్లకు చూపించడానికి. 40.5 యూనిట్ల బ్యాటరీ 20 నుంచి 80 శాతానికి వెళ్లాలంటే 24.3 యూనిట్లు కావాలి. 40 కిలోవాట్లు నిలకడగా వెళ్తే 36 నిమిషాలు, 20 వెళ్తే 73 నిమిషాలు. 79 యూనిట్ల మహీంద్రా బీఈ 6 కారుకు అదే 60 శాతం అంటే 47.4 యూనిట్లు, ఇక్కడ ఒక్కటే నిలబడినా 50 నిమిషాలకు కాస్త అటూ ఇటూ. ఆ కారు 175 కిలోవాట్ల దాకా తీసుకోగలదని కంపెనీ చెప్పే మాట నిజమే. ఇచ్చేవాడి చేతిలో అంత లేదు, అంతే.

2, 3 వారాలు: ట్రాన్స్‌ఫార్మర్, కేబులు

మిషన్ నిండు లోడు మీద 415 వోల్టుల దగ్గర సుమారు 89 యాంప్స్ లాగుతుంది. సాయంత్రం వోల్టేజీ 340కి పడిపోతే అదే 60 కిలోవాట్ల కోసం 108 యాంప్స్ లాగుతుంది. లో వోల్టేజీలో బల్బు మసకబారి తక్కువ కరెంటు తీసుకుంటుంది, ఈ మిషన్ అలా కాదు. వోల్టేజీ తగ్గేకొద్దీ ఎక్కువ లాగి దాన్ని ఇంకా కిందకు తోస్తుంది. చార్జర్లు సాయంత్రం వేళ ట్రిప్పై ఆగిపోవడం ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడు కరెంటు 84 యాంప్స్ కాబట్టి అది కుదరదు. 100 కేవీఏది 133 యాంప్స్. చార్జర్‌లో ఇన్‌పుట్ కరెంటు పరిమితిని 100 యాంప్స్‌కు పెట్టాం. ఏసీ పాయింటు ఒక ఫేజు మీద 32 లాగితే ఆ ఫేజులో మొత్తం 132. ఇంకొక్క ఫ్యాను కూడా పెట్టడానికి లేదు. అందుకే ధాబా ఫ్రిజ్‌లు, గ్రైండర్లు, బోరు మోటారు పాత కనెక్షన్ మీదే ఉంచి, ఇది వేరే మీటరు, వేరే ట్రాన్స్‌ఫార్మర్ చేశాం. ఈ పరిమితితో 340 వోల్టుల దగ్గర 55 కిలోవాట్లు వస్తాయి. ట్రిప్పై సున్నా కావడం కన్నా 55 నయం. ఈ సైజు ట్రాన్స్‌ఫార్మర్లకు సాధారణంగా ట్యాపులు (వోల్టేజీ సర్దుకునే మెట్లు) ఉండవు, కాబట్టి తర్వాత వోల్టేజీ పెంచుకుందాం అనే ఆశ పెట్టుకోకూడదు.

కేబులు 60 మీటర్లు, మూడున్నర కోరు 70 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఆర్మర్డ్. వేడెక్కాక 100 యాంప్స్ దగ్గర పోయే వోల్టేజీ లెక్కకు 6 వోల్టులు. 35 వేస్తే సుమారు 12 వోల్టులు పోయేవి, పైగా కేబులు ఎప్పుడూ అంచు మీదే నడిచేది. కందకం 750 మిల్లీమీటర్ల లోతు, కింద ఇసుక, పైన ఇసుక, దాని మీద ఇటుకలు, ఆ పైన హెచ్చరిక టేపు. జేసీబీ పళ్లకు ముందు టేపు తగలాలి, కేబులు కాదు.

ఇలాంటి చోట్ల తర్వాత కాలేవి లగ్గులే, అంటే కేబులు కొసకు తొడిగి బోల్టుతో బిగించే లోహపు ముక్కలు. అల్యూమినియం కేబులును రాగి బస్‌బారుకు (కరెంటు పంచే పట్టీకి) మామూలు లగ్గుతో బిగిస్తే ఏడాది తిరక్కుండా అక్కడ తెల్లటి పొడి పడుతుంది, తర్వాత వేడి, తర్వాత నలుపు. ఒక పక్క అల్యూమినియం, ఇంకో పక్క రాగి ఉండే బైమెటాలిక్ లగ్గులే వాడాలి. లోపల కాంటాక్ట్ పేస్టు పూసి, హైడ్రాలిక్ క్రింపర్‌తో షట్కోణపు డైలో రెండుచోట్ల నొక్కాలి. బోల్టు బ్రేకరు మీద రాసి ఉన్న టార్కుకే బిగించి, పెయింటు పెన్నుతో గీత గీశాం. తర్వాత ఎప్పుడు చూసినా గీత జరిగితే వదులైందని అర్థం. నెల తర్వాత మళ్లీ బిగించాలి, అల్యూమినియం నొక్కుకుని సర్దుకుంటుంది.

బ్రేకరు 160 యాంప్స్ ఎంసీసీబీ (పెద్ద లోడ్లకు వాడే రకం), దాని సెట్టింగు 0.8 మీద పెడితే 128. 125ది పెడితే సరిపోదా అంటే, ఎండలో ఇనుప డబ్బా లోపల 60 డిగ్రీలు దాటుతాయి. థర్మల్ బ్రేకరు ఆ వేడికి తన రేటింగ్ కన్నా ముందే పడిపోతుంది. డబ్బాను నీడలోకి మార్చడం వీటన్నిటికన్నా చౌకైన మందు, అదీ చేశాం. అండర్‌వోల్టేజ్ కాయిలు ఉన్న బ్రేకరు మాత్రం వద్దనుకున్నాం. కరెంటు రెప్పపాటు పోయినా అది పడిపోతుంది, మళ్లీ ఎత్తడానికి మనిషి కావాలి, రాత్రి రెండింటికి ఆ మనిషి ఉండడు.

4వ వారం: ఎర్తింగ్

"ఎర్త్ రీడింగ్ ఒక ఓమ్ లోపు ఉండాలి" అని ప్రతి స్పెసిఫికేషన్‌లోనూ ఉంటుంది. రాతి నేలలో అదెంత కష్టమో లెక్క చేసి చూస్తే తెలుస్తుంది. నేల రెసిస్టివిటీ (మట్టి కరెంటును అడ్డుకునే గుణం) 100 ఓమ్ మీటర్లు అనుకున్నా, 3 మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల లావు పైపు ఒక్కటి ఇచ్చేది 30 ఓమ్‌లు. మొరం కింద బండ ఉన్నచోట 300 ఓమ్ మీటర్లైతే 90. ఉప్పు, బొగ్గు పోసి నీళ్లు పోస్తే వారం బాగుంటుంది, వేసవికి మళ్లీ మామూలే.

ఇక్కడ రెండు పనులు చేశాం. బెంటొనైట్ (తేమను పట్టి ఉంచే బంకమట్టి) నింపిన గుంతలు నాలుగు, ఒకదానికొకటి 6 మీటర్ల దూరంలో. పైపు పొడవుకు రెట్టింపు దూరం లేకపోతే పక్కపక్క గుంతలు ఒకే మట్టిని పంచుకుంటాయి, లాభం సగమవుతుంది. రెండోది, పాత ఎండిపోయిన బోరు ఇనుప కేసింగును స్ట్రిప్పుతో కలపడం. 30 మీటర్ల లోతు ఇనుము మట్టిని తాకుతూ ఉంటే 100 ఓమ్ మీటర్ల నేలలో అదొక్కటే 4 ఓమ్‌ల లోపు ఇస్తుంది. పీవీసీ కేసింగైతే ఏ ఉపయోగమూ లేదు. అడక్కుండా తవ్వి చూసి నాలుక కరుచుకోవడం కన్నా ముందే అయస్కాంతం అంటించి చూడటం మేలు.

అయితే మనిషి ప్రాణం కాపాడేది గుంత కన్నా ముందు రాగి తీగే. ట్రాన్స్‌ఫార్మర్ మన ఆవరణలోదే కాబట్టి, లీకేజీ కరెంటు మట్టిలోంచి కాదు, ఎర్త్ కండక్టర్‌లోంచే స్టార్ పాయింటుకు (ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు) తిరిగి వెళ్లాలి. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ నుంచి చార్జర్ బాడీ దాకా ఎర్త్ కొనసాగింపును మీటరుతో చూసి, లూప్ ఇంపిడెన్సు (లీకేజీ కరెంటు తిరిగే మొత్తం దారిలోని అడ్డు) కొలిచి రాసుకున్నాం. గుంతలో రెండు ఓమ్‌లు ఉన్నా ఈ తీగ గట్టిగా ఉంటే బ్రేకరు పడుతుంది. గుంతలో అర ఓమ్ ఉన్నా తీగ లగ్గు వదులైతే పడదు.

ఇంకొకటి. చార్జర్ కారుతో మాట్లాడే సీపీ (కంట్రోల్ పైలట్) తీగ వోల్టేజీని ఎర్త్‌ను ఆధారంగా పెట్టుకునే కొలుస్తారు. ఎర్త్ వదులైతే షాకు సంగతి తర్వాత, ముందు కారే చార్జర్‌ను గుర్తుపట్టదు. "కమ్యూనికేషన్ ఎర్రర్" అని తెర మీద వస్తే సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేసేముందు స్పానరు పట్టుకుని ఎర్త్ లగ్గు దగ్గరకు వెళ్లాలి.

5వ వారం: దిమ్మె, కప్పు, నిలిపే చోటు

దిమ్మె నేలకు 450 మిల్లీమీటర్లు పైన. ముందు రెండు 100 మిల్లీమీటర్ల ఇనుప పైపులు కాంక్రీటు నింపి పాతాం. చక్రాలు ఆగే దిమ్మెలు వేశాం. కేబులు 5 మీటర్లు. ఎంజీ జడ్‌ఎస్ ఈవీ కారుకు చార్జింగ్ మూత ముందు లోగో దగ్గర, చాలా కార్లకు వెనక పక్కన. రెండింటికీ అందాలంటే మిషన్‌ను రెండు గడుల మధ్య గీత మీద పెట్టాలి, ఒక మూలన కాదు. గన్ పెట్టే గూడు కిందకు వాలి ఉండాలి. పైకి చూసే గూడు వానాకాలంలో గ్లాసుగా మారుతుంది.

6వ వారం: మొదటి చార్జ్, ఆగిపోయే మెట్లు

గన్ పెట్టాక కరెంటు పారడానికి ముందు అర నిమిషంలో చాలా జరుగుతుంది. ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే సగం రిపేరు అయినట్టే. తెర మీద వచ్చే "చార్జింగ్ ఫెయిల్డ్" అన్న మాట ఎందుకూ పనికిరాదు, లాగ్ తెరవాల్సిందే.

గన్ గాలిలో ఉన్నప్పుడు సీపీ మీద 12 వోల్టులు. కారుకు తగలగానే 9. అప్పుడు చార్జర్ ఒక కిలోహెర్ట్జ్ చతురపు తరంగం మొదలుపెట్టి 5 శాతం డ్యూటీ ఇస్తుంది, అంటే ప్రతి తరంగంలో 5 శాతం సేపే పైన ఉంటుంది. "ఇక డిజిటల్‌గా మాట్లాడుకుందాం" అన్న సంకేతం అది. 9 రాకుండా 12 దగ్గరే ఉంటే గన్ పూర్తిగా దిగలేదు, లేదా సీపీ పిన్ను లోపలికి పోయింది. మల్టీమీటరుతో ఒక తేలిక పరీక్ష ఉంది. గన్ పై వరసలోని రెండు చిన్న పిన్నుల్లో ఒకటి పీపీ, గన్ దిగిందో లేదో కారుకు చెప్పేది. దానికీ ఎర్త్ పిన్నుకూ మధ్య 1,500 ఓమ్‌లు రావాలి. రాకపోతే గన్ లోపల తీగ తెగింది.

తర్వాత అదే సీపీ తీగ మీద పవర్‌లైన్ సంకేతాలతో కారు, చార్జర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. స్లాక్ అంటారు. ఇక్కడ ఆగితే అనుమానించాల్సినవి మూడు: వదులు ఎర్త్, సీపీ తీగను పవర్ కేబుల్ పక్కనే కట్టేయడం, రెండు గన్నుల సీపీ తీగలు ఒకే పైపులో కలిసి పోవడం. చివరిది తమాషాగా ఉంటుంది, మొదటి గన్ కారు రెండో గన్ మోడెమ్‌తో మాట్లాడేస్తుంది. ఈ మిషన్ లోపల రెండు తీగలూ ఒకే కట్టలో వచ్చాయి. విడదీసి, షీల్డు ఒక కొసనే ఎర్త్ చేసి, ఫెరైట్ రింగులు తొడిగాక రెండు కార్లు ఒకేసారి పెట్టినా మొదలయ్యాయి.

గుర్తుపట్టాక ఇన్సులేషన్ పరీక్ష. చార్జర్ తన కేబుల్‌లోకి వందల వోల్టులు పంపి, బాడీకి లీకవుతోందా అని చూసుకుంటుంది. వోల్టుకు 100 ఓమ్‌ల కన్నా తక్కువైతే, అంటే 400 వోల్టులకు 40 కిలోఓమ్‌ల లోపైతే, ఆపేయాలి. వానాకాలంలో ఎక్కువ కార్లు ఆగేది ఈ మెట్టు దగ్గరే. ఇది దాటితే ప్రీచార్జ్. చార్జర్ తన వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీకి 20 వోల్టుల లోపు దగ్గరకు తెస్తుంది, అప్పుడే కారు తన కాంటాక్టర్లు (బ్యాటరీని కలిపే పెద్ద స్విచ్‌లు) కలుపుతుంది. ఇక్కడ ఆగితే చార్జర్ వోల్టేజీ కొలత తప్పుతోందేమో చూడాలి. అవుట్‌పుట్ వోల్టేజీ అని చార్జర్ చూపించేదీ, మన మీటరు చూపించేదీ పోల్చుకుంటే తేలిపోతుంది.

ఒకే మోడల్ కారు ఒకచోట పనిచేసి ఇంకోచోట పనిచేయకపోవడం దాదాపు ఎప్పుడూ ఈ మాటలాట వల్లే. కారు, చార్జర్ మాట్లాడుకునే భాషల్లో కొన్ని కార్లు పాత డిన్ 70121 మాత్రమే మాట్లాడతాయి, కొన్ని కొత్త ఐఎస్ఓ 15118 కూడా. చార్జర్ రెండూ ఒప్పుకునేలా పెట్టి, దొరికిన ఐదు రకాల కార్లతో మూడేసిసార్లు పరీక్షించాకే గేటు తెరిచాం. ఫర్మ్‌వేర్ (మిషన్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చిన ప్రతిసారీ మళ్లీ అదే ఐదు. కొత్త ఫర్మ్‌వేర్ ఒక కారును బాగుచేసి ఇంకో కారును చెడగొట్టడం ఈ రంగంలో మామూలు.

8వ వారం: సిమ్, సర్వర్, డబ్బు

మిషన్‌లో ఏ లోపమూ లేకుండా కస్టమర్ వెనక్కి వెళ్లిపోయేది ఇక్కడే. చేసిన మార్పులు:

లోపల ఇనుప డబ్బాలో ఉన్న యాంటెన్నాను బయటకు, కప్పు మీదకు తెచ్చాం. రెండు కంపెనీల సిమ్‌లున్న రౌటరు పెట్టాం, ఒకటి ఆగితే రెండోది. రౌటరుకు, కంట్రోలర్‌కు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఇచ్చాం. కరెంటు పోయిన సంగతి సర్వర్‌కు తెలియాలంటే అది చెప్పడానికి ఎవరో మేలుకుని ఉండాలి కదా.

చార్జర్, సర్వర్ మాట్లాడుకునే ఓసీపీపీ 1.6 సెట్టింగుల్లో కనెక్షన్ టైమౌట్ (గన్ తగిలించడానికి ఇచ్చే గడువు) ఈ మిషన్‌లో 60 సెకన్లు ఉండేది. యాప్‌లో డబ్బు కట్టి, ఫోను జేబులో పెట్టి, బరువైన కేబులు విప్పుకుని కారు దాకా లాక్కొచ్చేసరికి నిమిషం అయిపోతుంది. మిషన్ సెషన్ రద్దు చేసేది. 180కి పెంచాం. ఒక్క అంకె మార్చితే తగ్గిన ఫిర్యాదులు ఏ స్పేర్ పార్టు మార్చినా తగ్గలేదు. నెట్ లేనప్పుడు తెలిసిన కార్డులను ఒప్పుకునే సెట్టింగు ఆన్ చేశాం. తెలియని కార్డులను ఒప్పుకునేదాన్ని ఆఫ్‌లోనే ఉంచాం, లేకపోతే కరెంటు ఉచితమన్న కబురు ఊరంతా పాకుతుంది.

గడియారం బ్యాటరీ గురించి ఎవరూ చెప్పరు. కంట్రోలర్ బోర్డు మీది నాణెం సెల్లు చచ్చిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏ 1970కో వెళ్లిపోతుంది. ఆ తేదీకి సర్వర్ సెక్యూరిటీ సర్టిఫికెట్ చెల్లదు, కనెక్షన్ కుదరదు. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, మిషన్ మాత్రం ఆఫ్‌లైన్. కొద్ది రూపాయల సెల్లు.

ఎండాకాలం

60 ఇవ్వడానికి 63 తీసుకుంటుంది, ఆ తేడా 3 కిలోవాట్లు వేడిగా బయటకు పోవాలి. ఒకటిన్నర గీజరు రోజంతా అల్మరాలో వెలుగుతున్నట్టు. లారీల దుమ్ము, కోతలప్పుడు వరి పొట్టు, పత్తి నూగు కలిసి ఫిల్టరును దుప్పటిలా మూసేస్తాయి. మాడ్యూళ్లు తమను కాపాడుకోవడానికి పవర్ తగ్గించుకుంటాయి, తెర మీద ఏ ఎర్రర్ రాదు. చార్జర్ "బాగానే" ఉంటుంది, కారుకు 35 వెళ్తుంటాయి. అందుకే ఫిల్టర్లు 15 రోజులకొకసారి, కోతలప్పుడు వారానికొకసారి. రెండు సెట్లు ఉంచుకుంటే కడిగింది ఆరేలోపు రెండోది పెట్టొచ్చు. తడి ఫిల్టరు పెట్టడం వద్దు.

తప్పు చార్జర్‌దా కారుదా అన్న తగువు రోజూ ఉండేదే. లాగ్‌లో రెండు వరసలు చూస్తే చాలు: కారు అడిగిన కరెంటు, చార్జర్ ఇచ్చిన కరెంటు. రెండూ సమానమైతే కారే తక్కువ అడుగుతోంది. బ్యాటరీ వేడెక్కింది, లేదా 80 శాతం దాటింది. మే మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి ఏకబిగిన వచ్చిన కారు చల్లబడేదాకా తక్కువే అడుగుతుంది. దానికి ఈ పక్క నుంచి చేయగలిగింది నీడ ఒక్కటే. ఇచ్చింది అడిగినదాని కన్నా తక్కువైతే మాత్రం తప్పు మనదే. అప్పుడు చూడాల్సిన వరస: పక్క గన్ మీద కారు ఉందా, ఎన్ని మాడ్యూళ్లు పనిచేస్తున్నాయి, ఇన్‌పుట్ వోల్టేజీ ఎంత, మాడ్యూల్ వేడి ఎంత, గన్ వేడి ఎంత.

గన్ పిన్నుల దగ్గర పీటీ1000 సెన్సర్లు ఉంటాయి, వేడి పెరిగేకొద్దీ వీటి ఓమ్‌లు పెరుగుతాయి. 30 డిగ్రీల దగ్గర 1,117 ఓమ్‌లు, 90 దగ్గర సుమారు 1,347. ఆ 90 దగ్గరకు వస్తుంటే చార్జర్ కరెంటు తగ్గిస్తుంది. డిగ్రీకి నాలుగు ఓమ్‌ల లోపే కాబట్టి సెన్సర్ తీగ కనెక్టరు తుప్పు పట్టి 40 ఓమ్‌లు పెరిగితే, చల్లటి గన్ కూడా పది డిగ్రీలు ఎక్కువ వేడిగా కనిపిస్తుంది. రెండో గన్ ఇలాగే కారణం లేకుండా తగ్గించుకునేది. ఉదయం కారు లేనప్పుడు రెండు గన్నుల రీడింగులు పోల్చితే తేడా బయటపడింది. కనెక్టరు తుడిచి మళ్లీ బిగించాక సరిపోయింది. నిజంగా వేడెక్కే గన్నూ ఉంటుంది. పిన్ను దగ్గర 0.2 మిల్లీఓమ్ ఉంటే 180 యాంప్స్ దగ్గర 6.5 వాట్ల వేడి, అరిగి మసి పట్టి 1 మిల్లీఓమ్ అయితే 32 వాట్లు. పిన్నును ఉప్పుకాగితంతో రుద్దితే పైన ఉన్న వెండి పూత పోతుంది, ఆ తర్వాత ఇంకా త్వరగా చెడుతుంది. పొడి బట్టతో తుడిచి, తగ్గకపోతే గన్ మార్చడమే.

వానాకాలం

ఇన్సులేషన్ ఎర్రర్లు మొదటి వానకే వచ్చాయి. గన్ నేల మీద వదిలేసి వెళ్లినప్పుడు బురద నీళ్లు లోపలికి పోతాయి. చల్లటి గాలి బ్లోయరుతో ఆరబెడితే సరిపోతుంది. నూనె స్ప్రేలు కొట్టకూడదు, దుమ్ము అంటుకుని తడిని పట్టి ఉంచుతాయి. కేబులు నేలకు తగలకుండా పైన స్ప్రింగు బ్యాలెన్సరు వేలాడదీశాక ఈ బాధ బాగా తగ్గింది. కేబులు బరువు తగ్గడంతో గన్ సరిగా దిగని కేసులూ తగ్గాయి.

పిడుగుల కోసం ఇన్‌కమింగ్‌లో టైప్ 1+2 సర్జ్ ప్రొటెక్టరు ఉంది. కిటికీ ఎరుపు రంగుకు మారితే కార్ట్రిడ్జ్ అయిపోయినట్టు. దాని ఎర్త్ తీగ అర మీటరు దాటకూడదు. చుట్టలు చుట్టి అందంగా కట్టిన తీగ పిడుగుకు అడ్డంకి.

గాలివానల తర్వాత మిషన్ "ఫేజ్ ఎర్రర్" చూపిస్తే ముందు టాంగ్ టెస్టర్‌తో మూడు ఫేజులనూ న్యూట్రల్‌కు కొలవాలి. ఒకటి 240 ఉండి మిగతా రెండూ 120 దగ్గర ఉంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు 11 కేవీ లైను వైపు ఉండే హెచ్‌జీ ఫ్యూజు ఒకటి పోయినట్టు. లైన్‌మన్‌కు అదే మాట చెబితే ఒక్క ట్రిప్పులో పని అవుతుంది. ఒకటి 300, ఒకటి 150 అంటూ చెల్లాచెదురుగా ఉంటే న్యూట్రల్ తెగింది. వెంటనే మెయిన్ ఆపాలి. మాడ్యూళ్లు మూడు ఫేజుల మీద నడుస్తాయి కాబట్టి తట్టుకుంటాయి. కాలిపోయేది ఒక ఫేజు, న్యూట్రల్ మీద బతికే కంట్రోల్ ఎస్‌ఎంపీఎస్, అంటే కంట్రోలర్‌కు కరెంటు ఇచ్చే చిన్న పవర్ సప్లై. దాన్ని రెండు ఫేజుల మధ్య 415/230 కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ మీదకు మార్చాం.

స్పేర్లు, కాపలా

ధాబా గదిలో తాళం వేసిన పెట్టె: ఫిల్టర్లు 2 సెట్లు, మాడ్యూల్ ఫ్యాన్లు 2, సర్జ్ కార్ట్రిడ్జులు 4, కంట్రోల్ ఎస్‌ఎంపీఎస్ 1, సిమ్ 1, నాణెం సెల్లులు 2, ఎమర్జెన్సీ స్విచ్ కాంటాక్టు బ్లాకు 1. గన్నుతో కేబులు ఖరీదు ఎక్కువ కాబట్టి దగ్గరి మూడు స్టేషన్లకు కలిపి ఒకటి. 20 కిలోవాట్ల మాడ్యూలు కూడా అంతే.

ఎమర్జెన్సీ స్విచ్ గురించి. ఎర్రగా, గుండ్రంగా, పిల్లల చేతి ఎత్తులో ఉంటుంది. ఒకసారి నొక్కితే తిప్పి వదిలేదాకా మిషన్ చచ్చినట్టే. "ఫాల్ట్" అని టికెట్టు వేసి, ఇంజినీరు 130 కిలోమీటర్లు వచ్చి, స్విచ్ తిప్పి వెళ్లడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిన యాత్ర. పారదర్శక మూత బిగించాం, ఎత్తగానే గంట మోగుతుంది. వాచ్‌మన్‌కు మూడే మాటలు నేర్పాం: ఎర్ర బటన్ తిప్పు, గన్ గట్టిగా నొక్కి పట్టుకో, ఇంకా రాకపోతే పక్క గన్ పెట్టు. మెయిన్ ఆపి మళ్లీ వేయడం మాత్రం నేర్పలేదు. ఒక కారు కోసం అది చేస్తే పక్క గన్ మీద సగం చార్జైన కారు ఆగిపోతుంది.

మిగిలిన పనులు

80 శాతం దాటాక కూడా నిలిచి ఉండే కార్లకు నిమిషానికి రుసుము పెట్టాలి. సర్వర్ వైపు ఇంకా సిద్ధం కాలేదు. ఏసీ పాయింటుకు లోడు పంపకం పెట్టాలి, ఇప్పుడు వోల్టేజీ పడినప్పుడు చేత్తో 16 యాంప్స్‌కు తగ్గిస్తున్నాం. మొదటి గన్ గూడు అంచు పగిలింది, కొత్తది ఆర్డర్ పెట్టాం. అది వచ్చేదాకా ప్లాస్టిక్ బకెట్టు అడుగు కోసి తొడిగి ఉంచాం, నీళ్లు లోపలికి పోవడం లేదు.